అత్త ఫ్లెక్సీ కోదాడలో ఎందుకు కట్టాను

మా మేనత్త పోయిందని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సూర్యాపేటలో మా ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తిన షట్టర్ కింద అలాగే కూలబడ్డాను. ఏడుపు రావాలి కదా, రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆ ఫోన్ పెట్టేసి ఇంకో నంబరు కొట్టాను. కోదాడలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్‌ది. "మా అత్త పోయింది సార్. పేరు రాయకుండనే పంపించిన్రు. సల్లగుండుర్రి" అని, ఆయన జవాబు వినకుండా కట్ చేశాను. ఆ తర్వాతే ఏడ్చాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపతాపాలు పక్కన పెట్టాలంటారు. మా అత్త విషయంలో అది కుదరదు. ఆమె నాకు గారెలు చేసి పెట్టింది, జడలు వేసింది, పగ పట్టడం కూడా నేర్పింది. మూడింటికీ నేను రుణపడి ఉన్నాను.

అత్త మిర్యాలగూడలో ఒక సినిమా హాలులో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపేది. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. ఆట మొదలయ్యాక గేటు వేసి, గోడకు ఆనుకుని నిలబడి చూసేది. ఒక్కో సినిమా ఆడినన్ని రోజులూ చూసేది. హీరోలు ఆమెకు పట్టరు. ఉత్తరం ఇచ్చి పోయే పోస్ట్‌మ్యాన్, కాఫీ తెచ్చే నౌకరు, పెళ్లిలో అక్షింతలు వేసే ముసలాయన, వీళ్లే ఆమె మనుషులు. తెర మీద వాళ్ల పేర్లు పడవు. అందుకని ఏ సినిమాలో ఎలా చచ్చారో దాన్నిబట్టి గుర్తుపెట్టుకునేది. "గీన పాము కరిసి సచ్చినోడు గాదు? గీ సిన్మాల మళ్ల బతికొచ్చిండు" అని పక్కనున్నవాళ్లకు చెప్పేది. "మీసం మారుస్తరు, నడక యాడికి మారుస్తరు?" అనేది.

వాళ్ల మీద అంత ప్రేమ ఎందుకంటే, ఒకప్పుడు ఆమె కూడా వాళ్లలో ఒకతె. పెళ్లికి ముందు, మాడుగులపల్లి దగ్గర వరి కోతలప్పుడు ఒక సినిమా వాళ్లు వచ్చి, పొలంలో ఉన్న ఆడవాళ్లతోనే కోత కోయించి షూటింగ్ చేశారట. కెమెరా మా అత్త ముందుకొచ్చి ఆగిందట. ఆమె కొడవలి ఎత్తి, పక్కకు తిరిగి నవ్విందట. "నా ముఖం ఎనిమిది లెక్కవెట్టేదాక ఉంటది" అని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేది. ఎవరూ నమ్మలేదు. ఆ సినిమా మిర్యాలగూడకు ఒక్కసారే వచ్చిపోయింది. క్యాసెట్ గానీ సీడీ గానీ ఎక్కడా దొరకలేదు. పెళ్లిళ్లలో చుట్టాలు "అగో, హీరోయిన్ వచ్చింది" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. ఎవరెవరు అన్నారో లెక్క ఉంచుకునేది. ఆ లెక్క ప్రకారం ఎవరింటి శుభకార్యానికి ఎంత ఆలస్యంగా వెళ్లాలో కూడా తేల్చుకునేది.

నేను సెంటర్ పెట్టిన కొత్తలో పాత తెలుగు సినిమాల అభిమానులు కలిసి నడుపుకునే ఒక సైట్ కంటపడింది. సినిమాలో కనిపించే ప్రతి ముఖాన్నీ తెర మీద నుంచి పట్టి ఫొటోగా పెడతారు. ఎడమ పక్క ముఖం, కుడి పక్క పేరు. తెలియనిచోట "పేరు తెలియదు" అని ఉంటుంది. ఎవరికైనా తెలిస్తే రాసి పంపొచ్చు. పెద్ద సభ్యుడు ఒప్పుకుంటే పేరు ఎక్కుతుంది. అత్త సినిమా వెతికాను. ఉంది! కోత కోసే ఆడవాళ్ల ముందు కొడవలి ఎత్తి నవ్వుతున్న పిల్ల ఉంది. పక్కన మాత్రం మద్రాసు డ్యాన్సర్ ఎవరిదో పేరు ఉంది. ఆ పేరు రాసిందీ, ఒప్పుకునే అధికారం ఉన్నదీ ఒక్కరే. కోదాడ సారు.

మేము రాసి పంపితే ఆయన మర్యాదగా మా సెంటర్‌కే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అత్త పొద్దుటి బస్సుకే వచ్చి పట్టుచీరలో కూర్చుని ఉంది. ఆయన ఫొటోను పెద్దది చేసి చూపించాడు. ఆ పిల్ల ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. అత్త తన చెయ్యి చాపింది. అదే తేలు, అదే వంకర తోక.

"అమ్మా, మీకున్నది కుడి చేతికండి. ఫొటోలో ఎడమ చేతికుంది" అన్నాడు.

అత్త రెండు చేతులూ చూసుకుంది. ఫొటో చూసింది. మళ్లీ చేతులు చూసుకుంది. "గిట్లెట్లయితది?" అంది చిన్న గొంతుతో. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు అంతవరకూ తెలియదు.

"ఆ రోజుల్లో తేలు బొమ్మ చాలామంది పొడిపించుకునేవాళ్లేగా. వయసు పైబడ్డాక జరగనివి కూడా జరిగినట్టు అనిపిస్తాయండి" అన్నాడు ఆయన. కంప్యూటర్ల ముందున్న కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికెళ్లి ఆ ఫొటో కింద ఒక వాక్యం చేర్చాడు. "మిర్యాలగూడకు చెందిన ఒక మహిళ ఇది తానేనని చేసిన వాదన అబద్ధమని తేలింది." ఇక ఎవరూ ఏమీ రాయకుండా ఆ పేజీకి తాళం కూడా వేశాడు. అత్త చదివి వినిపించమంది. వినిపించాను. వచ్చే గురువారం బస్సు ఎన్నింటికి అని అడిగింది.

ఆ గురువారం మక్కగారెల డబ్బాతో దిగింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కంప్యూటర్ ముందు కూర్చుంది. "గా సారు ఇంక ఎవరెవరికి పేర్లు వెట్టిండు? అన్నీ సూపియ్యి."

"నీ ఫొటో తియ్యాల్నా అత్తా?"

"నాది తెరవకు. గా మాట కింద నా ముఖం నేను సూడ."

అలా మొదలైంది. ఏళ్ల తరబడి ప్రతి గురువారం మాకు అదే పని. ఆయన పేర్లు పెట్టిన ముఖాలు ఒక్కొక్కటే తీసి చూసేది. "గీ పోస్ట్‌మ్యాన్ సారు చెప్పినాయన గాదు. గాయన వరదల కొట్టుకపోయి సచ్చిండు, ఎడమ కాలు ఈడ్సుకుంట నడుస్తడు. గీన సక్కగ నడుస్తున్నడు సూడు" అనేది. నేను ఆ రెండు సినిమాల వీసీడీలు సంపాదించి, రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపేదాన్ని. మిగతా సభ్యులంతా చూస్తుంటారు కాబట్టి సారు ఒప్పుకోక తప్పేది కాదు. ఆయన పేరు పక్కన "సవరించారు" అన్న ఎర్ర గుర్తు పడేది. గుర్తు పడిన రోజు అత్త బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తినిపించేది. ఒకరోజు నేనే విసిగిపోయి, ఇక వదిలెయ్యరాదా అన్నాను. "మరిచిపోతే నేను మంచిదాన్ననిపించుకుంటనా? ఆయన మంచోడనిపించుకుంటడు" అంది, బజ్జీలో ఉల్లిగడ్డ ముక్కలు సర్దుకుంటూ.

ఈ పగ పుణ్యాన పేరు లేని నౌకర్లు, పోస్ట్‌మ్యాన్‌లు ఎందరికో సరైన పేర్లు దక్కాయి. వాళ్ల పిల్లలు ఎక్కడెక్కడి నుంచో సైట్‌లో కృతజ్ఞతలు రాసేవాళ్లు. ఆమె వినేది కాదు. "సారుకు ఎర్రది పడ్డదా?" అని మాత్రం అడిగేది.

తర్వాత ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు తీసేసిన వారం వచ్చి, "కొత్త కండ్లు గదా. నన్ను దొంగను జేసిన ముఖం ఎట్లుంటదో ఒకసారి తెరువు" అంది. తెరిచాను. చాలాసేపు చూసింది. ఆ వాక్యాన్ని కాదు, వెనక నిలబడ్డ ఆడవాళ్లను.

"ఏమే కోడలా, గీ ఆడోళ్లకు పైట ఎటు దిక్కున్నది?"

చూశాను. నా చెయ్యి దానంతటదే నా ఎడమ భుజం మీదికి పోయింది. ఫొటోలో ఒక్కరికీ పైట ఎడమ భుజం మీద లేదు. అందరికీ కుడి భుజం మీద ఉంది. కొడవళ్లన్నీ ఎడమ చేతుల్లో ఉన్నాయి.

"మా కూలోళ్లంత ఎడమచేతోళ్లేనానే?" అని అత్త పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఫొటో అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంది. ఆ సైట్ నియమాల్లోనే ఉంది ఆ సంగతి. ముఖాలన్నీ పక్కనున్న పేరు వైపు చూస్తున్నట్టు ఉండాలి, అటు తిరిగి ఉంటే ఫొటోను ఇటు తిప్పి పెట్టాలి అని. ఆ నియమం రాసిందీ, ఈ ఫొటో పెట్టిందీ కోదాడ సారే. వందల ఫొటోలు తిప్పినవాడు ఇదొకటి తిప్పానని మరిచిపోయి మా అత్త చేతులు పరీక్ష చేశాడు. ఇంతమంది మగవాళ్లు ఇన్నేళ్లు చూసి కూడా ఒక్కరూ పైట చూసుకోలేదు. రోజూ చీర కట్టే నేనూ చూడలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

పేజీకి తాళం ఉంది కాబట్టి ఆయనకే ఉత్తరం రాశాను. నెలలు గడిచాయి. చివరికి ఒకరోజు ఆయన మిర్యాలగూడలో అత్త ఇంటికే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "మీ పేరు రాసేస్తానమ్మా. ఆ వాక్యం కూడా తీసేస్తాను. ఫొటో తిప్పిన సంగతి మాత్రం బయటికి వద్దు. ఇప్పటికే నా పేరు పక్కన చాలా గుర్తులున్నాయి" అన్నాడు. ఆయన గొంతు వింటే నాకు జాలి వేసింది. అత్తకు వేయలేదు.

"నలుగుట్ల అబద్ధమన్నవు సారూ. చాటుకు నిజమంటవా? తిప్పినోడే తిప్పిన అని రాయాలె."

ఆయన చాయ్ తాగకుండా లేచి వెళ్లిపోయాడు. ఒప్పుకోమని అత్తను బతిమాలాను. పేరైతే వస్తుంది కదా అన్నాను. "నేను పోతే నా ఫ్లెక్సీ మిర్యాలగూడల కట్టకు, కోదాడల కట్టు" అంది. హాస్యానికి అంటోందనుకున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ వానాకాలమే ఆమె పోయింది. మూడో రోజు నేను ఫ్లెక్సీ కొట్టించాను. ఒక పక్క సైట్‌లో ఉన్న ఫొటో, ఇంకో పక్క తిప్పి సరిచేసిన ఫొటో. పైన అత్త పేరు. కింద ఒకటే మాట, "ఏది నిజమో ఆడవాళ్లు చెప్పండి." దినాలు కాకముందే ఊళ్లు తిరుగుతావా అని మా వాళ్లు తిట్టారు. బస్సెక్కి మునగాల మీదుగా కోదాడ పోయి, సారు రోజూ పాల ప్యాకెట్ కోసం నడిచే దారిలో కట్టించాను.

కూరగాయలకు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. "ఇదేంటమ్మా, ఈ ఫొటోలో పైట ఇటేశారు? తిరగేసినట్టున్నారే!" అంది ఒకామె. తల ఎత్తగానే చెప్పేసింది. సారు పాల ప్యాకెట్‌తో వాళ్ల వెనకే నిలబడి విన్నాడు.

"తీసేయండమ్మా, రాస్తాను" అన్నాడు నా దగ్గరికొచ్చి.

"రాసినంక తీస్త సార్."

ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. గంట తర్వాత నా ఫోన్‌లో పేజీ తెరిచి చూశాను. పాత వాక్యం లేదు. డ్యాన్సర్ పేరున్నచోట అత్త పేరుంది. "ఈ ఫొటోను తిప్పి పెట్టింది నేనే. ఆమె చెప్పింది నిజం" అని కింద తన పేరుతో రాశాడు. నేను ఆయన్ను క్షమించలేదు. ఆ పని అత్త నాకు అప్పగించలేదు. తాళ్లు విప్పి ఫ్లెక్సీ మడిచి చంకన పెట్టుకుని బస్సెక్కాను.

దారంతా ఆ పేజీనే చూస్తూ వచ్చాను. పైన ముఖాలూ కింద ముఖాలూ అన్నీ బుద్ధిగా తమ పేర్ల వైపు చూస్తున్నాయి. మధ్యలో మా అత్త ఒక్కతే, పైట ఎడమ భుజం మీద, కొడవలి కుడి చేతిలో, తన పేరుకు వీపు తిప్పి అటువైపు చూసి నవ్వుతోంది.