లోయిస్ టీచరు రెండో సాక్ష్యం

ఆదివారం చర్చికి వెళ్లేముందు లోయిస్ టీచరు పార్టీ ఆఫీసు వెనక చెరువు దగ్గర ఆగాల్సిందే. ఇస్త్రీ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని గుర్రపుడెక్క మొక్కల పక్కన వంగి, రెక్కలు మూసుకుని వాలే సన్న తూనీగల కోసం వెతుకుతుంది. ఒకటి కనిపిస్తే ఊపిరి బిగబట్టి భూతద్దం దగ్గరికి తెస్తుంది. పోయిన వారం మెటియాబ్రుజ్ పేటలోని తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ లేచి, ఈ చెరువులో ఎర్రవి, ఆకుపచ్చవి రెండు జాతులున్నాయనీ, వాటిని తనకు చూపించిన దేవునికి స్తోత్రమనీ చెప్పింది. ఇవాళ గడ్డిపరక మీద సగం ఎర్రగా, సగం పచ్చగా ఉన్నది దొరికింది. ఎర్రది వేరే జాతి కాదు. వయసొస్తే అదే పచ్చబడుతుంది.

“ఊరుకో లోయిస్, ఎవలికి తెలుస్తాది?” అన్నాడు ఆమె చెప్పింది విని, గట్టు మీద నిలబడ్డ భర్త కృపాకర్. “మళ్లీ లేస్తే నవ్వుతారు.”

“నవ్వనీండి. నా తప్పు ఇంకొకలు పట్టుకుంటే నాకేటి మిగులుతాది?”

సాక్ష్యాల వేళ పాస్టరు గారు పిలవకముందే ఆమె లేచింది. వెనక బల్లలకు కూడా వినపడేలా చెప్పింది.

“పోయినారం నేను సెప్పింది తప్పు. అది తప్పని కనిపెట్టింది కూడా నేనే.”