మిరియం వేళ్లు, కనబడని పాస్‌వర్డ్

పలాసలో జీడిపిక్కలు కొట్టే మిరియంకి ఫోన్ తాకే ముందు వేళ్లను కొంగుకు రుద్దుకోవడం అలవాటు. పిక్కల రసానికి వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ మిషన్ కూడా ఆమెను ఒక పట్టాన ఒప్పుకోదు. ఆ పిక్కలు కొట్టే పీట మీంచి లేచి కంప్యూటర్ పనికి వెళ్లాలని ఆమె పంతం. కంప్యూటర్‌కి టైపు చేసి ఇచ్చే ఆదేశాలు, అంటే కమాండ్లు, నేర్చుకోమని ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌లో ఉచితంగా ఖాతా ఇస్తే, భోజనాల వేళ ఫోన్‌లోంచి తెరవబోయింది. పేరు పడింది. పాస్‌వర్డ్ మాత్రం ఎంత కొట్టినా ఒక్క అక్షరమూ కనబడలేదు. వేళ్లను తిట్టుకుంటూ ప్రతి అక్షరాన్నీ రెండేసిసార్లు నొక్కింది. మూడోసారికి ఖాతా లాక్ అయిపోయింది.

"పాస్‌వర్డ్ కొడితే అక్కడ ఎవులికీ కనబడదు వదినా! నీ ఏళ్లు బాగానే పన్సేసాయి," అంది పక్క పీట మీది ఆడపడుచు ఇవాంజెలిన్.

మిరియం ఫోన్ వైపు గుర్రుగా చూసింది. "ఆ ముక్క ముందే రాత్తే ఆళ్ల సొమ్మేటి పోతాది? నా సేతుల్ని నాసేతే తిట్టించీసేరు!"