ఊడిపోయే ముడి

"అది కాదమ్మడూ, నీ బూట్ల లేసు చిన్నప్పటినుంచీ పది అడుగులకోసారి ఊడిపోతుంది చూడు, ఆ ముడి ఎలా వేస్తావో నాకు కాస్త నేర్పు."

"ఊడిపోకుండా వెయ్యడం నేర్పమంటావా మావయ్యా?"

"ఊడిపోకుండా వెయ్యడం నాకొకరు నేర్పాలా? ఊడిపోయేదే కావాలి. నమ్మకంగా ఊడిపోవాలి."

మేనకోడలు కాఫీ కప్పు కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. ఆమె ఉద్యోగం కళ్ళద్దాల షాపులో జనం కళ్ళు పరీక్షించడం. ఆ కింది వరసలో అక్షరం కనిపిస్తోందా అని రోజుకి ముప్ఫైమందిని అడుగుతుంది. ఎదురుగా ఉన్న మావయ్య మొహంలో మాత్రం ఆమెకి ఒక్క అక్షరమూ కనిపించలేదు.

"ఊడిపోయే ముడి నీకెందుకు?"

"రిహార్సల్‌కి."

ఆ ఇంట్లో ఆ మాట తరవాత ఇంక ప్రశ్నలుండవు. మావయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఏ పనైనా సరే, ముందొకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోనిదే నిజంగా చెయ్యడు. నాలుగంతస్తుల ఆ భవనంలో చిన్నాపెద్దా అందరికీ ఆయన పేరు ఉత్తుత్తి మావయ్య. మెట్ల మీద ఎదురైతే చాలు, "ఇప్పుడు దిగుతున్నది ఉత్తుత్తిగానా, నిజంగానా?" అని అడిగేవారు. ఆయనేమీ అనుకునేవాడు కాదు. "ఇది నిజందే. ఉత్తుత్తిది పొద్దున్నే అయిపోయింది" అని శ్రద్ధగా జవాబు చెప్పేవాడు.

ఒకసారి పన్ను పీకించుకోవలసి వచ్చింది. ముందురోజే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఊరికే నోరు తెరుచుకుని కూర్చుని చూద్దామనుకున్నాడు. ఈయన ఉత్తుత్తిగా తెరిచిన నోట్లోంచి డాక్టరు నిజంగానే ఒకటి పీకేశాడు. అదీ పక్కది. మర్నాడు అసలు పన్ను కోసం మళ్ళీ వెళ్ళి, "నిన్నటి అనుభవం ఎంత పనికొచ్చిందో!" అంటూ సంబరపడుతూ వచ్చాడు.

రిటైరయ్యే ముందు వీడ్కోలు సభలో కన్నీళ్ళు ఎలా ఆపుకోవాలో నెలరోజులు ఆఫీసులో కూర్చుని సాధన చేశాడు. ఆపుకోవడం ప్రాక్టీసు చెయ్యాలంటే ముందు ఏడవాలి కదా. ఇంట్లో ఏదో ఘోరం జరిగిందనుకుని పైఆఫీసరు బలవంతంగా వారం సెలవిచ్చి పంపేశాడు. పెళ్ళికి రిహార్సల్ ఎలా చెయ్యాలో తెలియకే వీడు పెళ్ళి మానేశాడని వాళ్ళక్క, అంటే మేనకోడలి తల్లి, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటంటే, సరుకులు రవాణా చేసే కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పార్సిళ్ళు కట్టడం. ఆయన వేసిన ముడి ఇంతవరకూ దానంతటది ఊడిన దాఖలా లేదు. కత్తెర ఉంటే తప్ప విప్పలేరు. మేడ మీద బట్టల తాడు కట్టి పన్నెండేళ్ళయింది. మధ్యలో గోడ ఒకసారి కూలి మళ్ళీ కట్టారు, ముడి మాత్రం అలాగే ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు ఊడిపోయే ముడి నేర్పమంటున్నాడు. వారంలో కొండ ఎక్కబోతూ!

ఈ కొండ గొడవ మూడు నెలల కిందట మొదలైంది. నిజానికి అది మావయ్య గొడవ కాదు. 'కొండ ఎక్కడం బొత్తిగా తెలియనివారికి గైడుతో ఒకరోజు నడక' అన్న కాగితం ఏడాదిగా మేనకోడలి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటుకుని ఉంది. అంటించింది అమ్మ. అమ్మ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మెడలో విజిలు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు తక్కువ. రెండేళ్ళ కిందట మోకాలికి ఆపరేషనైంది. "ఇప్పుడు మీ మోకాలు నా మోకాలికంటే నయం" అని డాక్టరే అన్నాడు. అయినా విజిలు మేకుకి ఎక్కింది, దిగలేదు. వీధి చివరి కొట్టుకి కూడా ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్ళొచ్చేది. ముప్ఫై ఏళ్ళు "చివరొచ్చినవాళ్ళకి ఇంకో రౌండు!" అని పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. చివర రావడం అంటే ఆవిడ లెక్కలో నేరం. ఇప్పుడు ఎవరితో నడిచినా ఆ నేరం తనదే అవుతుంది.

ఒకరోజు మావయ్య ఆ కాగితం పీకి పట్టుకొచ్చాడు. "అక్కా, నేను దీనికి వెళ్తున్నాను. వివరాలు చెప్పే మీటింగుందట. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే భయంగా ఉంది, నువ్వూ రా."

"మీటింగుకి భయమేంట్రా?"

"నిన్న ఉత్తుత్తిగా వెళ్ళొచ్చాను. తలుపు తాళం వేసి ఉంది. అదీ భయమే."

మేనకోడలితో కలిసి ముగ్గురూ వెళ్ళారు. గైడు పాతికేళ్ళ అమ్మాయి. బూట్లు కొత్తవైతే రెండు వారాలు ఇంట్లో వేసుకుని మెత్తబరచుకోవాలి, వీపు సంచి ఏడు కిలోలు దాటకూడదు, దాహం వెయ్యకముందే నీళ్ళు తాగాలి అంటూ ఒక్కొక్కటే చెప్పింది. అమ్మ పెన్ను తీసి రాసుకుంటోంది. ఎన్నాళ్ళకో ఆవిడ చేతిలో పెన్ను చూసి మేనకోడలికి ఆశ పుట్టింది. అప్పుడు ఆ అమ్మాయి అంది: "అందరం కలిసే నడుస్తాం. మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ నడకే మన నడక."

అమ్మ పెన్ను మూసేసి బ్యాగులో పడేసింది.

మావయ్య చెయ్యెత్తాడు. "అందరికంటే నెమ్మది అంటే ఎంత నెమ్మదమ్మా? కొలతేమైనా ఉందా?"

హాలంతా గొల్లుమంది. మేనకోడలు తల దించేసుకుంది.

ఆ మర్నాటినుంచి రిహార్సళ్ళు మొదలు. బూట్లు మెత్తబరచమన్నారు కాబట్టి మావయ్య వాటితోనే భోంచేశాడు, వాటితోనే పడుకున్నాడు. వాన పడితే ఎలాగని రెయిన్‌కోటు తొడుక్కుని షవరు కింద స్టూలేసుకుని కూర్చుని ఒక బిస్కెట్ పేకెట్ పూర్తిచేశాడు. కొండ మీద గాలి పల్చగా ఉంటుందని ఎవరో చెబితే ముక్కు మూసుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తు నర్సమ్మ ఆయన మొహం రంగు చూసి పరుపు మీద పడుకోబెట్టి ఫ్యాను వేసింది.

వీపు సంచి సంగతి వేరే చెప్పాలి. తూచి ఏడు కిలోల బంగాళాదుంపలు నింపుకున్నాడు. డెబ్భై రెండు మెట్లు ఎక్కి దిగి, సంచి తెచ్చి అక్క వంటింట్లో పడేసేవాడు. అమ్మ అందులోంచి రోజూ నాలుగు తీసి కూర వండేసేది. పది రోజులకి మావయ్య ఛాతీ విరుచుకుని, "బరువే తెలియడం లేదక్కా! బలం వస్తోంది!" అన్నాడు.

"వస్తుందిరా, రాదూ మరి" అని అమ్మ కూర కలియబెట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళైపోయే రిహార్సల్ ఒక ఎత్తు. కొండ మీద నీళ్ళైపోతే ఏం చెయ్యాలన్నది ఆయన బెంగ. అందుకని ఖాళీ సీసాతో మూడో అంతస్తు దాకా ఎక్కి, మెట్ల మీద చతికిలబడి, "అక్కా! నీళ్ళు!" అని కేకేసేవాడు. ఆ కేకకి భవనంలో కుక్కలు కూడా లేచేవి. అమ్మ తిట్టుకుంటూ సీసా పట్టుకుని ఎక్కేది. ముందు రోజుకోసారి. తరవాత నాలుగుసార్లు. చివరికి ఆయన మెట్లెక్కే తీరు చూడలేక మేకుకి ఉన్న విజిలు తీసింది.

"ఒరేయ్, అది నడకా, బియ్యం బస్తా దొర్లడమా? పాదం పూర్తిగా ఆన్చు! ఎడమ! కుడి! ఊపిరి వదులు!"

"వదిలితే మళ్ళీ వస్తుందంటావా అక్కా?"

నెల తిరిగేసరికి ఆవిడ గైడు అమ్మాయికి ఫోన్ చేసి తన పేరూ రాయించింది. "వీణ్ణి ఒక్కణ్ణీ పంపితే ఆ పిల్ల ఉద్యోగం మానేసి వెళ్ళిపోతుంది. కాపలాకి వెళ్తున్నాను, అంతే" అంది కూతురితో. కానీ సర్దుకున్న సంచి మూడుసార్లు విప్పేసింది. "అందరూ నా కోసం ఆగితే నేను భరించలేనే" అని ఒక్కసారే అంది, చాలా మామూలుగా, తువ్వాలు మడతపెడుతూ. అమ్మ మొదటి మలుపులోనే వెనక్కి తిరిగేస్తే ఇంక ఏ గుమ్మమూ దాటదని మేనకోడలి భయం. దానికి తోడు ఈ మావయ్య విన్యాసాలు. అందుకే ఆ ఆదివారం ఊడిపోయే ముడి నేర్పమంటే ఆమెకి ఒళ్ళు మండింది. అయినా నేర్పింది.

"మొదటి మెలిక ఎటు తిప్పావో రెండోదీ అటే తిప్పు. అంతే, అదే ఊడిపోతుంది."

ఆయన చెయ్యి వినలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. రెండో మెలిక తనంతట తనే సరైన వైపు తిరిగిపోయేది. వారమంతా కూర్చుని తప్పుగా వెయ్యడం సాధించాడు. "కష్టమేనే అమ్మడూ! నువ్వు పుట్టుకతోనే ఎలా వేసేదానివో!" అన్నాడు.

అనుకున్న రోజు ఈ ముగ్గురితో కలిపి తొమ్మిదిమంది కొండ కింద చేరారు. గైడు ముందు నడిచింది. మొదటి మలుపుకే అమ్మ వెనకబడింది. పైనున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగి, నడుం మీద చేతులేసుకుని, "పర్లేదు మేడమ్, నెమ్మదిగా రండి!" అన్నారు. మంచి మాటే. అమ్మకి చెంపదెబ్బలా తగిలింది. పక్కన బండరాయి చూసుకుంది.

"నేనిక్కడ కూర్చుంటాను. మీరు వెళ్ళిరండి."

మేనకోడలు నోరు తెరిచేలోగా వెనకనుంచి ఒక కేక.

"ఆగండి, ఆగండి! నా లేసు ఊడింది!"

మలుపు కింద, అందరికంటే ఇరవై అడుగులు వెనక, మావయ్య దారికడ్డంగా కూర్చుని ఉన్నాడు. తీరిగ్గా బూటు మీదికి వంగి, లేసు రెండు కొసలూ పట్టుకుని వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు. అమ్మ ఆగింది. ఆయన లేచేదాకా ఆగింది. ఆ ఆగడంలో ఆవిడకి ఊపిరి సర్దుకుంది.

"పద, పద. నీ కోసం ఇంతమంది ఆగాలా?" అని కసిరి ముందుకి నడిచింది. బండరాయి అక్కడే ఉండిపోయింది.

నలభై అడుగులకి మళ్ళీ. "లేసు!" ఇంకో నలభైకి మళ్ళీ. ఐదోసారికి కుర్రాళ్ళు నిట్టూర్చారు. ఏడోసారికి గైడు తన చేత్తో కడతానంది. "వద్దమ్మా, నాకు పార్సిళ్ళ అనుభవం ఉంది" అన్నాడు. గుంపులో అందరికంటే నెమ్మది మనిషెవరో ఇంక ఎవరికీ అనుమానం లేకుండా పోయింది. తొమ్మిదోసారికి అమ్మ విజిలు ఊదింది. కొండ ఉలిక్కిపడింది.

"లే! చివరొచ్చినవాళ్ళకి ఇంకో రౌండు! ఎడమ! కుడి!"

కుర్రాళ్ళిద్దరూ కూడా భయపడి కాళ్ళు కలిపారు. అలా ఆవిడ అరుచుకుంటూ, వెనక్కి తిరిగి తమ్ముణ్ణి తిట్టుకుంటూ, ఎక్కడికి వచ్చిందో చూసుకోకుండా శిఖరం మీదికి వచ్చేసింది. మూడో మనిషిగా. మావయ్య తొమ్మిదోవాడు.

పైన గాలి గట్టిగా ఉంది. అమ్మ అంచున నిలబడి, దూరంగా కనబడే లోయని చూపిస్తూ గైడు అమ్మాయికి ఏదో పాఠం చెబుతోంది. మేనకోడలు మావయ్య పక్కన కూర్చుని ఆయన లేసు సరిచెయ్యబోయి ఆగిపోయింది. రెండు మెలికలూ ఒకే వైపు. తను నేర్పిన ముడే, తప్పుగా వెయ్యడంలో ఒక్క తప్పూ లేకుండా వేశాడు. వీపు సంచి మీద కట్టిన దుప్పటి చూసింది. అక్కడ మాత్రం పాత ముడి, రాయిలా.

"మావయ్యా, ఇదంతా ఉత్తుత్తిదేనా?"

"ష్. ముడి ఉత్తుత్తిది. ఆయాసం నిజందే."

"మరి నీళ్ళైపోవడం? మూడో అంతస్తులో ఆ కేకలు?"

"నేను పిలవకపోతే మీ అమ్మ ఆ మెట్లెక్కేదా?" ఆయన బూటు కేసి చూసుకున్నాడు. "ఆ రోజు మీటింగులో అందరికంటే నెమ్మది మనిషి అనగానే అక్క పెన్ను మూసేసింది. ఆ ఉద్యోగం నాకిస్తే ఏం పోయిందనుకున్నాను. కొలతేమిటని అడిగితే చెప్పారు కాదు, నవ్వారు."

ఆయన సంచి పైకెత్తి ఆశ్చర్యంగా ఊపి చూశాడు. "చూశావా, ఇంత ఎక్కినా బరువే తెలియలేదు. నిజంగానే బలం వచ్చినట్టుందే!"

ఆమె అటు చూసింది. అమ్మ వీపు సంచిలోంచి మావయ్యవి రెండు నీళ్ళ సీసాల మూతలు తొంగిచూస్తున్నాయి. అమ్మ ఎప్పుడు తీసిందో! మేనకోడలు ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

"గైడు అమ్మాయి ఇంకో కొండ ఉందంటోంది అమ్మడూ. దీనికి రెట్టింపట. నువ్వు వెళ్ళి మీ అమ్మతో చెప్పు, ఆ కొండ పేరెత్తితేనే మావయ్యకి చచ్చేంత భయంగా ఉందట, ఒక్కడూ వెళ్ళలేడట అని."

మేనకోడలు లేచి నాలుగడుగులు వేసింది.

"ఆగాగు! అలా నవ్వు మొహంతో చెబితే నమ్ముతుందా? ముందు ఒకసారి నాకు చెప్పి చూపించి వెళ్ళు."