ఆకివీడులో రెండో సర్వర్

సర్వర్ గది తలుపు తీయగానే మొహానికి ఏసీ చలి తగిలింది. దాని వెనకే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఆ వాసనకు ఇవాళ కూడా విమల గారే గుర్తొచ్చారు. ఏలూరులో చేపల మేత అమ్మే మా కంపెనీకి ఆవిడ అప్పటి ఐటీ మేనేజరు, నా మొదటి పై అధికారి. చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే రైతులు మా కంపెనీ డాక్టర్లకు ఫోన్ చేసేవారు. ఆ ఫోన్ కలవకపోతే ఆ ఏటి పంట పోయినట్టే.

నేను చేరేనాటికి ఫోన్లు, మెసేజీలు, సిబ్బంది లాగిన్లు అన్నీ ఏలూరులోని ఒక్క సర్వర్ మీదే నడిచేవి. విమల గారు ఒక్కో పనికీ ఒక్కో సర్వర్ కేటాయించారు. అవి ఆగితే ఆ పని అందుకోవడానికి ఆకివీడు బ్రాంచిలో వాటికి జోడీలు ఉండాలని పట్టుబట్టారు.

"బాగానే నడుస్తోంది కదండీ, మళ్లీ రెండోది దేనికండీ?" అన్నారు యజమాని.

"బాగా నడిచేటప్పుడే పెట్టుకోవాలండీ. ఆగిపోయాక టైముండదు," అన్నారావిడ, గొంతు పెంచకుండా.

అన్నీ అమర్చాక ఒక మధ్యాహ్నం, ఆఫీసు నడుస్తుండగానే, ఏలూరు సర్వర్లు ఆపమన్నారు నన్ను. స్విచ్ దగ్గర ఆగి ఆవిడ వైపు చూశాను. "ఆపమ్మా, నేనున్నాగా," అన్నారు. ఆపాను. ఆకివీడులో ఫోన్లు మోగాయి గానీ, లాగిన్ కాలేక డాక్టర్లు ఒక్కరూ వాటిని ఎత్తలేకపోయారు. లాగిన్లు చూసే సర్వర్‌కు మాత్రం అక్కడ జోడీ లేదు. వెంటనే ఏలూరువి తిరిగి ఆన్ చేశాం. యజమాని మండిపడుతూ వచ్చారు. "ప్లాను గీసింది నేనండీ. ఈ అమ్మాయిని ఏమీ అనకండి," అన్నారు విమల గారు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "ఇవాళే బయటపడింది, నయం. ఆ జోడీ నువ్వే పెట్టు, నేను చూస్తుంటాను," అన్నారు.

ఆ వానాకాలం మా ఏలూరు ఆఫీసులోకి నీళ్లొచ్చి కరెంటు తీసేశారు. అదే రోజు తాడేపల్లిగూడెం చర్చిలో విమల గారి అమ్మాయి పెళ్లి. ఆవిడకు ఫోన్ చేయబోయి ఆగాను. ముందు రైతులు చేసే నంబరుకే చేసి చూశాను.

"నమస్కారమండీ, ఏ ఊరండీ మీది?" ఆకివీడు నుంచి మా డాక్టరు గొంతు.

నేనని చెప్పాను. "పెట్టేయండమ్మా, మండవల్లి రైతు ఇంకో లైన్లో ఉన్నారు. చేపలు పైకొస్తున్నాయంట," అని కట్ చేశారు. ఆఫీసు మెట్ల మీద, తడిసిన బట్టలతో, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మర్నాడు విమల గారే ఫోన్ చేశారు. "ఆఫీసులోకి నీళ్లొచ్చాయటగా! నాకు చెప్పలేదేమ్మా?"

"అవసరం రాలేదండీ."

ఆవిడ చిన్నగా నవ్వారు. తర్వాత, "పెళ్లి భోజనం చాలా బాగుందమ్మా. నీ వాటా స్వీట్లు తెస్తాను," అన్నారు.

ఇప్పుడు ఆవిడ స్థానంలో నేనున్నాను. వానలకు ముందు ప్రతి ఏడూ, పనివేళల్లోనే సర్వర్లు ఆపిస్తాను. ఆపేది కొత్తగా చేరినవాళ్లే. ఏదైనా తేడా వస్తే, యజమాని గదిలోకి మాత్రం ముందు నేను వెళ్తాను.