ఊరు ఖాళీ అయిన రోజు, అవ్వతో జూరాలకు

మృగశిర వచ్చి రెండు వారాలైనా నల్లగొండలో చినుకు లేదు. శనివారం రాత్రి ఫ్యాను కింద అటూ ఇటూ దొర్లి, తెల్లవారుజామున ఇక పడుకోలేక కారు తాళం తీసుకున్నాను. పెద్ద కారణమేమీ లేదు. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో కుర్చీ, మధ్యలో రోజూ అదే రోడ్డు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగే కంటే, మక్తల్ దగ్గర పల్లెలో ఉంటున్న రూతును చూసి, మర్నాడు అమ్రాబాద్ అడవి మీదుగా తిరిగి రావచ్చనిపించింది. మహబూబ్‌నగర్‌లో బీఈడీ చదివేటప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఫోన్ చేస్తే ఇంకో రోజు రమ్మంటుందేమోనని చేయలేదు.

నాలుగున్నరకు బయలుదేరి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్లాను. ఒకవైపే దాదాపు రెండు వందల నలభై కిలోమీటర్లు, రానూపోనూ పెట్రోలుకు మూడున్నర వేలు పెట్టుకోవాలి. కల్వకుర్తిలో ఇడ్లీ తింటుంటే హోటలాయన ఎక్కడికని అడిగాడు. చెప్పాను. నేనొస్తున్నట్టు వాళ్లకు తెలుసా అన్నాడు. తెలియదన్నాను. నవ్వి, ఇంకో ఇడ్లీ వేశాడు. దేవరకద్ర దాటాక రోడ్డుకు రెండు వైపులా దున్ని పెట్టిన చేలే, ఒక్కదాంట్లో విత్తనం పడలేదు. ఎక్కడా ఆగబుద్ధి కాలేదు.

పదింటికి ఊరు చేరితే, రూతు వాళ్లది తప్ప ప్రతి ఇంటికీ తాళం. కుక్కలు కూడా లేవు. వానలు వెనకబడితే ఊరంతా ఒక పగలు ఇళ్లు వదిలి, పొలాల్లో వండుకు తిని, పొద్దుగూకాక తిరిగొచ్చే ఆచారం అక్కడుందట. పొద్దు నెత్తి మీదికొచ్చేలోగా ఒక్క మనిషి కూడా ఊళ్లో ఉండకూడదు. ఉంటే వాన రాదని నమ్మకం. రూతు వాళ్లది క్రైస్తవ కుటుంబమే. అయినా వాన అందరిదీ కదా, వాళ్లూ బయలుదేరారు. బయలుదేరనిది ఒక్క ఎస్తేరవ్వ.

ఎస్తేరవ్వ రూతు భర్త ప్రభాకర్‌కు నాయనమ్మ. తుంటి విరిగి రెండేళ్లుగా మంచంలోనే ఉంది. ట్రాక్టరు కుదుపులకు తట్టుకోలేదు. మాట్లాడుకున్న ఆటో రాలేదు. నలుగురు మంచంతో సహా ఎత్తుకుపోతామని వస్తే ఆమె గోడ పట్టుకుని వదలడం లేదు.

"మంచమ్మీద ఎత్తుకపోతే పీనుగ అనుకుంటరు. నేనింక సావలే" అంటోంది. వాకిట్లో ఊరి పెద్దలిద్దరు ఎండ వైపు చూస్తూ నిలబడ్డారు. వాన పడకపోతే ఆ నింద తన ఇంటి మీదికే వస్తుందని ప్రభాకర్ ముఖంలో భయం కనిపిస్తూనే ఉంది.

నన్ను చూసి రూతు పలకరించను కూడా లేదు, కారు వైపు చూసింది. ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పెట్టి, అవ్వను కూర్చోబెట్టాం. పొలిమేర దాటగానే, ఇక ఎవరూ లోపలికి పోకుండా వెనక వేపకొమ్మల తోరణం కట్టేశారు. చింతచెట్ల కింద పొయ్యిలు రాజుకున్నాయి. దిగమంటే మాత్రం అవ్వ దిగదు.

"దిగ బిడ్డా. జూరాల గింత దగ్గరుంటదట గద. దానికి మన్ను మోసిన, నీళ్లాగినంక జూడలే" అంది.

కృష్ణ మీద ఆ ప్రాజెక్టు కట్టేటప్పుడు ఆమె అక్కడ కూలికి పోయింది. కట్ట పూర్తయ్యేసరికి పుణెలో పని దొరికింది, తర్వాత ముంబైలో. తిరిగొచ్చాక అటు పోయే పనే పడలేదు. ప్రభాకర్ ఒప్పుకోలేదు. నొప్పి ఎక్కువైతే దవాఖాన ఎక్కడుందని నన్నే అడిగాడు. ఆ అడగడం న్యాయమే. కానీ నాకు చెట్టు కింద పది నిమిషాలు కూర్చోవడమే కష్టంగా ఉంది, ఆమె రెండేళ్లుగా మంచం మీదుంది. రూతు మందుల సంచి తీసుకుని వెనక ఎక్కింది.

అమరచింత మీదుగా గంట పట్టింది. గుంత వచ్చినప్పుడల్లా అవ్వ పళ్లు బిగించేది, నేను వేగం తగ్గిస్తే "నడువు" అనేది. కట్ట పక్కన కారు ఆపాను. వానల్లేక నీళ్లు తగ్గినా, చూసినంత మేరా నీళ్లే. రూతు అక్కడి కొట్టు నుంచి వేయించిన చేపలు తెచ్చింది, ప్లేటు నూట యాభై. అవ్వ ముళ్లు తీసుకుంటూ తింది, కళ్లు నీళ్ల మీది నుంచి తిప్పలేదు.

"మోసుడే మోసినం. గిన్ని నీళ్లాగుతయని మాకెవ్వలు చెప్పలే" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పొద్దుగూకేసరికి తిరిగొచ్చాం. తుంటి వాచిందని ప్రభాకర్ మా ఇద్దరినీ గట్టిగానే తిట్టాడు. పడ్డాం. ఆ రాత్రి వాన రాలేదు. పొద్దున నేను బయలుదేరుతుంటే అవ్వ మంచంలోంచి పిలిచి ఎటు పోతున్నావని అడిగింది. అమ్రాబాద్ అన్నాను. అక్కడేం పని అంది. ఏం పని లేదు, ఊరికే అన్నాను.

"ఊరికే పోవుడు మంచిగుంటది బిడ్డా. కూలికి గాకుంట నేను బండెక్కింది నిన్ననే" అంది.

కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతానని ఇంట్లో నన్నంటారు, నేనూ అదేదో గొప్పలా చెప్పుకుంటాను. ఆమె నాకంటే ఎక్కువ దేశం తిరిగింది, పుణె, ముంబై అంతా నెత్తిన మన్నుతో. ఆ మాట విన్నాక నల్లమల దాకా రేడియో పెట్టలేదు. మీరూ అటు వెళ్తే ఒక్కటే సలహా: వెనక సీటు సామాన్లతో నింపుకోండి, ముందు సీటు ఖాళీగా ఉంచండి.