ఉప్పు కడిగిన నెత్తళ్ళు

ఎండు నెత్తళ్ళ చేపలు నీళ్ళలో వేసినప్పుడల్లా ఆ నీచువాసనకి, చిన్నప్పుడు క్వేకర్స్ హిల్‌లో మా పక్కింట్లో ఉన్న కొరియన్ బామ్మ గుర్తొస్తుంది.

మా రెండిళ్ళ మధ్య కంచె మీదికి ఓ బూడిదరంగు వీధిపిల్లి వచ్చేది. అది కనిపిస్తే చాలు, బామ్మ చీపురెత్తి "థీఫ్ క్యాట్! గో!" అని అదిలించేది. మా అమ్మా తక్కువది కాదు. దొంగపిల్లి ఎదురొచ్చిందంటూ కారు దాకా వెళ్ళి కూడా వెనక్కొచ్చి, కూర్చుని మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరేది. పిల్లి పక్షాన ఉన్నది ఏడేళ్ళ నేనొక్కదాన్నే.

ఒకరోజు బామ్మ ఎండు నెత్తళ్ళని నీళ్ళలో పిసికి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోస్తూ కనిపించింది. తర్వాత ఆ గిన్నె తెచ్చి కంచె కింద పెట్టింది. విషం పెడుతోందని తేల్చేసుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళగానే గిన్నెని బిన్‌లో బోర్లించాను. మర్నాడు మళ్ళీ పెట్టింది, మళ్ళీ బోర్లించాను. వారమంతా ఇద్దరం పట్టు వదల్లేదు.

చివరికి బామ్మ కాపు కాసి నన్ను పట్టుకుంది.

"ఇట్స్ పాయిజన్! ఐ వోంట్ లెట్ యు!" అని గిన్నెని గుండెకి అదుముకున్నాను.

ఆమె గిన్నెలోంచి ఒక నెత్తల్ని తీసి, తన నోట్లో వేసుకుని నమిలింది.

"నో సాల్ట్. సాల్ట్, క్యాట్ సిక్," అంది. తర్వాత కంచె మీది పిల్లిని "థీఫ్!" అని తిట్టి, నా చేతుల్లోంచి గిన్నె తీసి కింద పెట్టి, దానివైపు జరిపింది.

ఇప్పుడు మా పెరట్లోకీ ఒక పిల్లి వస్తోంది.

"మమ్, డు యు ఈవెన్ లైక్ క్యాట్స్?" అని నిన్న మా అమ్మాయి అడిగింది.

"ఛీ, దొంగపిల్లులు," అన్నాను, నెత్తళ్ళకి మళ్ళీ నీళ్ళు మారుస్తూ.