బావి బడిలో సుక్క

మా అక్క మమతకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేవాళ్ళు ముందు బటర్ పేపరు మీద డిజైను గీసుకుంటారు. ఆ అలవాటు కొద్దీ నెమలి, హంస, మామిడి పిందె, తీగ మాత్రం కళ్ళు మూసుకున్నా ఆమె చేతికి వస్తాయి. మనుషులు రారు. అందుకే హాస్టల్లో ఉన్న బిడ్డ కోసం ఆమె గీసిన బొమ్మల కథలో పిల్లలందరి భుజాలూ జాకెట్టు కటింగులాగా నున్నగా ఉంటాయి, వార్డెనమ్మ మాత్రం కొంగ. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, నెమలి గీయబోతే తోక కుదరక అది కొంగయిందని నా అనుమానం. ఆ మాటంటే చేతిలో ఉన్న టేపుతోనే కొడుతుంది.

నేను ఆమె తమ్ముణ్ణి, ఓంప్రకాష్‌ని. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల గల్లీలో నాది జిరాక్సు షాపు. సాఫ్ట్‌వేరు కోర్సుల నోట్సు కాపీలు తీసి, స్పైరల్ వేసి ఇస్తుంటాను. అందులో ఒక్క ముక్క నాకు తెలియదు. తెలిస్తే ఇక్కడెందుకుంటాను?

మాది సిరిసిల్ల. నాయిన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. అక్క ఏడో తరగతిలో ఉండగా ఇంట్లో నూలు కండెలు చుట్టడానికి ఇంకో మనిషి కావలసివచ్చింది. ఆడపిల్ల కదా అని అక్కను బడి మాన్పించారు, మగపిల్లవాడినని నన్ను ఉంచారు. నేను ఇంటరు ఎన్నిసార్లు రాసినా గట్టెక్కలేదు. అక్కకేమో క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కులే. మా ఇంటి తెలివి అట్లా ఏడ్చింది.

పెళ్ళయ్యాక అక్క హైదరాబాదు వచ్చింది. మా బావ సురేందర్‌కు సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పని. మధురానగర్‌లో ఒకే ఒక గది అద్దెకు తీసుకుని, ముందు సగంలో కుట్టుమిషను, వెనక సగంలో కాపురం పెట్టారు. హాస్టలు అమ్మాయిల జాకెట్లు, పంజాగుట్ట బొటిక్కులు పంపే మగ్గం వర్కు, అదీ అక్క పని. మాట కరకు. “జర జల్ది ఇయ్యక్కా” అని బతిమాలే పిల్లలను “పెండ్లి నీదా, నీ దోస్తుదా? గంత తొందరేంది?” అని తిడుతూనే సాయంత్రానికి కుట్టి చేతిలో పెడుతుంది.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, యశస్విని. పిల్లకు ఐదో తరగతిలో గురుకులంలో సీటు వచ్చిన రోజు అక్క గల్లీలో కనబడినవాళ్ళందరికీ దూద్‌పేడా పంచింది. బల్కంపేట ఎల్లమ్మకు చీర పెట్టింది. ఆ బడి ఊరు దాటాక ఎక్కడో ఉంది. పంజాగుట్టలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారాలి. తల్లిదండ్రులను రెండో శనివారం మాత్రమే లోపలికి రానిస్తారు.

మొట్టమొదటి రెండో శనివారం నేనూ వెంట వెళ్ళాను. పిల్ల అక్క కొంగు పట్టుకుని వదల్లేదు.

“నన్ను తోల్కపో అమ్మా. గీడ నాకు ఏడుపొస్తున్నది. ఏడిస్తే మేడం గుడ్లురుముతది.”

అక్క మొహం పాలిపోయింది. ఉన్నట్టుండి, “నీ బడి గూడా ఒక బడేనా? సుక్క సదివే బడి చూస్తే ఏమంటవో!” అంది.

“సుక్క ఎవరు?”

“నీయంత పిల్లనే. దాని బడి బావిల ఉన్నది.”

ఏడుపు ఆగింది. “బావిలనా? మరి నీళ్ళో?”

“గదే కథ. మల్లొచ్చేటప్పుడు బొమ్మలేసి తెస్త. గప్పటిదాక ఉండు.”

పిల్లను బడిలో ఉంచడానికి మా అక్క ఇచ్చిన లంచం ఆ కథ. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పింది, తరువాత గీయక తప్పలేదు. నెలకొక పేజీ.

సుక్క బకెట్‌లో కూర్చుని గిలక మీంచి బావి అడుగుకు దిగుతుంది. అక్కడే తరగతులు, వంటగది, మంచాలు. తలెత్తి చూస్తే ఆకాశం జొన్నరొట్టెంత. లెక్కలు చెప్పేది తాబేలు కాబట్టి సిలబస్ ఏ ఏడూ పూర్తికాదు. వార్డెను కొంగ ఒంటికాలి మీద నిలబడి, ముక్కుతో పొడుస్తూ హాజరు వేసుకుంటుంది. ఆ బడికి ఒకటే కట్టుబాటు, ఎవరూ ఏడవకూడదు. ఒక్క పిల్ల ఏడ్చినా బావిలో నీరు ఊరుతుంది, బడి మునుగుతుంది. అందుకని కళ్ళు తడిసిన పిల్లను కొంగ పట్టుకుపోయి తడిబట్టలాగా దండెం మీద ఆరేస్తుంది.

కలర్ జిరాక్సు ఖర్చు నాది. మొదట్లో ఒక్క కాపీ చాలనేది. తరువాత యశస్విని గదిలో పిల్లలందరికీ అంది, ఆ తరువాత పక్క గదికీ అంది. దండెం మీద ఆరేసిన పిల్లలను చూసి వాళ్ళు పడీ పడీ నవ్వుకునేవారట.

అంతా బాగుందనుకుంటుండగా దసరా సెలవులు వచ్చాయి. సెలవులయ్యాక తిరిగి దింపడానికి పోతే గేటు దగ్గర పిల్ల మళ్ళీ మొండికేసింది. ఈసారి ఏడవలేదు, బేరం పెట్టింది.

“మల్లొచ్చేటప్పుడు కథల సుక్క పైకి వస్తదో, కిందనే ఉంటదో గీసుకరా. అది వస్తే నేను సుత ఇంటికొస్త. అది ఉంటే నేను సుత ఉంట. నువ్వే చెప్పు అమ్మా.”

అక్క సరేనని వచ్చింది. ఆ పొట్టి పిల్ల తల్లిని అడకత్తెరలో పోకచెక్కను చేసింది.

“తోల్కరా. గీడ బడులు లేవా?” అన్నాడు బావ.

“గీ ఒక్క గదిల, మిషను చప్పుడుల ఏం సదువుతది? నాలెక్క కండెలు చుట్టాల్నా?” అని అక్క ఆయన మీద లేచింది.

“బకెట్ తాడు తెంపెయ్ అక్కా, పీడ పోతది” అన్నాను నేను. అక్క కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

ఆమె బాధ నాకు తెలుసు. సుక్క ఉండిపోయినట్టు గీస్తే బిడ్డను బొమ్మతో మోసం చేసినట్టవుతుంది. పైకి వచ్చినట్టు గీస్తే తన చేత్తో తనే బిడ్డ చదువుకు గండి కొట్టినట్టవుతుంది. తనను మాన్పించిన వాళ్ళ మీద ఆమెకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. చివరికి రెండు పేజీలూ గీసింది. ఒకదాంట్లో సుక్క బకెట్ ఎక్కుతుంది, రెండోదాంట్లో ‘ఏడవరాదు’ అన్న బడి బోర్డు కింద, అడుగునే కూర్చుంటుంది. ఏది ఇవ్వాలో బస్సులో ఆలోచించుకుంటానని గురువారం నాడు రెండూ కాపీలు తీయమని నాకిచ్చిపోయింది.

నేను వాటిని మిషను పక్కన పెట్టాను. నా షాపులో మిషను పక్కన ఏది పెడితే అది నోట్సే. కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే రోజుల్లో మా చేతులు కాగితం మీద, కళ్ళు తరువాతి గిరాకీ మీద ఉంటాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నోట్సుతో పాటు సుక్క కూడా మిషన్లోకి పోయింది. బ్యాచ్ మొత్తానికి కాపీలు పడ్డాయి, స్పైరళ్ళూ పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే కోచింగ్ సెంటర్ చలపతిరావు గారు ఒగర్చుకుంటూ వచ్చారు. ఆయనది గుంటూరు వైపు.

“ఏంటండీ ఓంప్రకాష్ గారూ ఇది? సాఫ్ట్‌వేర్లో బగ్గులు ఎలా పట్టుకోవాలో పేజీ తిప్పి చూడండమ్మా అన్నాను. తిప్పితే కొంగండీ! క్లాసంతా ఒకటే నవ్వు.”

తప్పయిందన్నాను. పిల్లలను పంపితే ఆ పేజీలు తీసి మళ్ళీ స్పైరల్ వేసిస్తానన్నాను. ఆయన అటు పోయారో లేదో అక్క వచ్చింది. సంగతి విని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ తిట్ల మధ్యలోనే చంద్రిక అనే అమ్మాయి నోట్సు పట్టుకుని వచ్చింది. అక్క గల్లీలోనే ఏదో హాస్టల్లో ఉంటుందట.

“పేజీలు తీస్తనన్నరట. నా దాంట్ల తీయకు అన్నా. ఒక్కటి చెప్పు. గీ పిల్ల పైకి పోయిందా, ఉన్నదా? ముందట బకెట్ ఎక్కుతది, ఎనక పేజీల కిందనే కూసుంటది.”

“నువ్వైతే ఏం జేస్తవ్?” అని అక్క మధ్యలో దూరింది.

“నేను ఉన్న గదా అక్కా. ఐదు నుంచి ఇంటర్ దాక గురుకులంలనే సదివిన.”

అక్క మొహం వెలిగిపోయింది. కోరుకున్న సాక్షి నడిచొచ్చి కౌంటర్ ముందు నిలబడింది మరి. “ఉన్నవ్ గదా! మంచిగ సదివినవ్ గదా! ఇగ ఫికరేంది?”

“సదువు మంచిగనే వచ్చింది. ఉండుడు తప్పు గాదు అక్కా. కానీ ఏడిస్తే తోటి పిల్లలు నవ్వుతరని ఎన్నడు ఏడ్వలే. అమ్మ వచ్చినా నవ్వుకుంటనే ఉన్న. పోయినేడు మా నాయిన సచ్చిపోయిండు. అందరు ఏడుస్తున్నరు, నాకు రాలే. వచ్చినోళ్ళకు చాయ్ పోసుకుంట తిరిగిన. నీకు నాయిన మీద పావురం, ప్రేమ లేదానే అని మా అమ్మ ఇప్పటికీ అంటది.”

చెప్పడం కూడా చిరునవ్వుతోనే చెప్పింది.

“సుక్కను పైకి తీయి, కింద ఉంచు, నీ ఇష్టం. జర ఏడ్వనియ్యి అక్కా” అని నోట్సు చంకన పెట్టుకుని క్లాసుకు పోయింది.

అక్క రెండు పేజీలూ చింపేసింది. షాపు మూలన స్టూలు మీద కూర్చుని, నా పాడైపోయిన కాపీల వెనక వైపు గీయడం మొదలుపెట్టింది. మధ్యలో చాయ్ ఇస్తే తాగలేదు. పొద్దుగూకే వేళకు పేజీ నా చేతిలో పెట్టింది.

సుక్క ఏడుస్తుంది. దాన్ని చూసి పక్క పిల్ల, ఆ పిల్లను చూసి ఇంకో పిల్ల. కొంగ ఎంతమందినని ఆరేస్తుంది? నీరు ఊరుతుంది. మంచాలు తేలుతాయి. కానీ ఎవరూ మునగరు. నీరు పిల్లలందరినీ ఎత్తుకుని బావి గట్టుదాకా తెస్తుంది. గట్టు చుట్టూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని అమ్మలు కూర్చుని ఉన్నారు. అందరూ తింటారు. తిన్నాక నీరు మెల్లగా దిగుతుంది.

“గిప్పుడు సుక్క పోయినట్టా, ఉన్నట్టా?” అన్నాను.

“నాకు సుత తెల్వదు. అది వస్తనంటే మాత్రం తోల్కొస్త” అంది అక్క. అన్నట్టే శనివారం పిల్ల బట్టలు సర్దడానికి పెద్ద సంచి ఖాళీది వెంట తెచ్చింది.

బడి ఆవరణలో యశస్విని పేజీ చదువుతుంటే వెనక నుంచి నాలుగైదు తలలు వంగి చూస్తున్నాయి. చదివాక పిల్ల తల్లి మొహంలోకి చూసింది.

“ఏడిస్తే తిట్టవా?”

“తిట్ట. ఏడ్వు.”

ఇక చూడండి, ఆ పిల్ల రాగం తీసి ఏడ్చింది. పెదవి కొరుక్కుంటూ కాదు, నోరు తెరిచి. వెనక నిలబడ్డ వాళ్ళలో ఇద్దరు కూడా అందుకున్నారు. ఆఫీసు గదిలోంచి మేడం బయటికి వచ్చింది.

“ఏడ్వనియ్యండి మేడం. గదే ఒడుస్తది” అంది అక్క. మేడం చూసి లోపలికి పోయింది.

ఒడిసింది, ఏడుపంతా తీరింది. పిల్ల అక్క కొంగుకే ముక్కు తుడుచుకుని “డబ్బాల ఏం తెచ్చినవ్?” అని అడిగింది. కోడికూర, సర్వపిండి. అమ్మలు రాని పిల్లలను కూడా కూర్చోబెట్టుకుని తిన్నది. ఇంతలో గంట కొట్టారు. అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడగవలసింది నేనే అయ్యాను.

“ఏం బిడ్డా, ఇంటికొస్తవా మరి?”

“నీళ్ళు దిగినయ్ గద మామా” అంది. పేజీ తీసుకుని మిగతా పిల్లలతో కలిసి లోపలికి ఉరికింది.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. “అది ఎనకకు తిరిగి సుత చూడలేదురా” అంది. నువ్వు కోరుకున్నది అదే కదా అనబోయాను. అంతలోనే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. కండక్టరమ్మ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి భయపడిపోయింది.

“ఏమైందక్కా? ఎవరికేమైంది?”

“ఎవరికేం గాలేదమ్మా” అంది మా అక్క. “నా బిడ్డ బడికి పోయింది.”